బ్రాండెడ్ సిస్టమా, అసెంబుల్డ్ సిస్టమా? పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. నేను ఉపాధ్యాయురాలిని. మా అమ్మాయి విజయనగరంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతూ రోజూ రైల్లో వెళ్లి వస్తోంది. ఇంట్లో డెస్క్‌టాప్ కొనడానికి యాభై వేలు పక్కన పెట్టాం. బ్రాండెడ్ అయితేనే నమ్మకమని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. విడిభాగాలు తెప్పిస్తే తానే బిగిస్తానని మా మేనల్లుడు అంటున్నాడు. ఈలోగా ఒక షాపువారు 38,500 రూపాయలకు అసెంబుల్డ్ సిస్టమ్ (విడిభాగాలు షాపులోనే బిగించి ఇచ్చేది) కొటేషన్ ఇచ్చారు. దాని నకలు పంపుతున్నాను. ఏ దారి మంచిది?

సమాధానం: అమ్మా, మీరు పంపిన కొటేషన్‌తోనే మొదలుపెడతాను. మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. "ఐ5 ప్రాసెసర్, మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్ కార్డు, క్యాబినెట్ విత్ ఎస్ఎంపీఎస్, 22 అంగుళాల మానిటర్, కీబోర్డు, మౌస్" అని రాసి, కింద మొత్తం వేశారు. ఒక్క వస్తువుకైనా తయారీ సంస్థ పేరు గానీ మోడల్ నంబరు గానీ విడి ధర గానీ లేదు. కిరాణా చీటీలో "పప్పు, రెండు కిలోలు" అని మాత్రమే రాసి పంపితే ఏ పప్పు వస్తుందో, ఇదీ అంతే.

ఐ5 అనే పేరుతో ఇంటెల్ సంస్థ 2009 నుంచి ప్రాసెసర్లు, అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పులు, అమ్ముతోంది. 2012లో వచ్చిన ఐ5-3470 కూడా ఐ5యే, 2022లో వచ్చిన ఐ5-12400 కూడా ఐ5యే. మొదటిదానిలో ఉన్నవి నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు). రెండోదానిలో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. పెద్ద కార్యాలయాలు వదిలించుకున్న పాత కంప్యూటర్ల నుంచి ఊడదీసిన ప్రాసెసర్లను, వాటికోసమే ఇప్పటికీ తయారవుతున్న హెచ్61 రకం చవక మదర్‌బోర్డులలో బిగించి, రంగురంగుల దీపాలు వెలిగే కొత్త క్యాబినెట్‌లో పెట్టి "ఐ5 సిస్టమ్" అని అమ్మడం మన మార్కెట్లో మామూలైపోయింది. బయటికి అన్నీ కొత్తగానే కనిపిస్తాయి. అటువంటి యంత్రానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఎందుకంటే దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ ఉండాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ప్రాసెసర్ పూర్తి నంబరు ఏమిటో, అది సీలు వేసిన పెట్టెలో వస్తుందో విడిగా వస్తుందో మొదట అడగండి. పెట్టెతో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది.

నాలుగు జీబీ గ్రాఫిక్ కార్డు అనగానే అమ్మాయి సంతోషించి ఉండవచ్చు. ఈ ధరలో ఆ పేరుతో వచ్చేది చాలావరకు 2014లో విడుదలైన జీటీ 730 వంటి కార్డు. ఏఎండీ సంస్థ తయారుచేసే రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌లో అంతర్భాగంగా వచ్చే గ్రాఫిక్సే దానికంటే వేగంగా పనిచేస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లకు విడిగా గ్రాఫిక్ కార్డు అవసరం లేదు. ఆ డబ్బు ర్యామ్ మీదా, కంప్యూటర్‌కు కరెంటునిచ్చే ఎస్ఎంపీఎస్ మీదా పెట్టడం మేలు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడి కార్డు లేకపోతే మానిటర్‌పై బొమ్మే రాదు. కాస్త చవకగా వస్తోందని అది తెచ్చుకొని తలపట్టుకునేవారు ఎందరో.

ఇక "క్యాబినెట్ విత్ ఎస్ఎంపీఎస్" అన్న మాట. ఈ కొటేషన్ మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. ఇంటి కరెంటును కంప్యూటర్‌కు కావలసిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే పెట్టె ఎస్ఎంపీఎస్. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద "450 వాట్లు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ అక్షరాలను వదిలేసి, పక్కనే ఉన్న చిన్న పట్టిక చదవండి. అందులో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి పన్నెండుతో గుణించండి. ఈ కాలపు ప్రాసెసర్లూ గ్రాఫిక్ కార్డులూ విద్యుత్తును ప్రధానంగా 12 వోల్టుల తీగ నుంచే తీసుకుంటాయి. అక్కడ 14 ఆంపియర్లు అని ఉంటే, నికరంగా మీకు అందేది 168 వాట్లే. అదే పట్టికలో ఇన్‌పుట్ అన్న చోట 200–240 వోల్టులు అని ఉందా, 100–240 అని ఉందా చూడండి. వేసవి సాయంత్రాల్లో వీధిలో మోటార్లూ ఏసీలూ అన్నీ ఒక్కసారి ఆన్ అయి లో ఓల్టేజీ వచ్చే మన మండలాల్లో రెండో రకం ఎక్కువ తట్టుకుంటుంది. 80 ప్లస్ గుర్తు (విద్యుత్తును తక్కువ వృథా చేస్తుందన్న ధ్రువీకరణ) ఉన్న పేరున్న ఎస్ఎంపీఎస్‌ను విడిగా కొనండి. అది పోతే తానొక్కటే పోదు, ఒక్కోసారి మదర్‌బోర్డునూ ఎస్ఎస్‌డీనీ వెంట తీసుకుపోతుంది.

కొటేషన్ బాగాలేదు గనుక బ్రాండెడ్ మేలు అని నా తీర్పు కాదు. బ్రాండెడ్‌కు ఉన్న నిజమైన బలం ఒకే ఫోన్ నంబరు. ఏ భాగం పోయినా ఆ ఒక్క సంస్థే జవాబుదారీ. పైగా చాలా మోడళ్లలో అసలైన విండోస్ దానితోనే వస్తుంది. షాపులో అసెంబుల్ చేసిన సిస్టమ్‌కు చాలాచోట్ల "ఫార్మాట్ కొట్టి" ఎక్కించేది దొంగ విండోస్. దాని స్థానంలో లైసెన్సు కొంటే ఎంతవుతుందో కలుపుకొని రెండు ధరలనూ పోల్చకపోతే అసెంబుల్డ్ చవక అన్న మాటకు అర్థం లేదు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని గనుక మీ అమ్మాయి విండోస్‌కు బదులు ఉబుంటు వంటి లినక్స్‌ను పైసా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు, చదువుకూ అది పనికివస్తుంది. బ్రాండెడ్ బలహీనతలు మరొక వైపున్నాయి. ఇంటికోసం అమ్మే మోడళ్లకు సాధారణంగా వారంటీ ఏడాదే. లోపలి మదర్‌బోర్డూ ఎస్ఎంపీఎస్సూ చాలా మోడళ్లలో ఆ సంస్థ సొంత కొలతలతో ఉంటాయి. వారంటీ దాటాక ఎస్ఎంపీఎస్ పోతే మామూలు షాపులో దొరికేది దానిలో పట్టకపోవచ్చు.

విడిభాగాల వారంటీ కాగితం మీద ఇంతకంటే ఎక్కువ. మదర్‌బోర్డుకు సాధారణంగా మూడేళ్లు, ఎస్ఎస్‌డీకి మూడు నుంచి ఐదేళ్లు, ర్యామ్‌కు అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. కానీ ఎవరి దగ్గరికి ఎవరు వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. సర్వీసు కేంద్రం విశాఖలో ఉంటే, పోయిన భాగాన్ని పెట్టెలో పెట్టుకొని రైలెక్కాల్సింది మీరే. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లే అయినా, ఇవ్వడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకొక రోజు సెలవు పెట్టాలి. మీ మేనల్లుడు సొంతంగా బిగిస్తే ఈ తిరుగుడంతా అతని మీదా మీ మీదా పడుతుంది. పైగా కంప్యూటర్ వెలగకపోతే తప్పు ర్యామ్‌దో బోర్డుదో తేల్చడానికి ఇంకొక ర్యామ్, ఇంకొక ఎస్ఎంపీఎస్ చేతిలో ఉండాలి. అవి ఉండేది షాపులో, ఇంట్లో కాదు. బిగించడం ఒక సాయంత్రం పని. కష్టమంతా ఆ తరువాత చెడినప్పుడు వస్తుంది.

అందుచేత మీకు నా సలహా మధ్యేమార్గం: భాగాలను మీరు ఎంచుకోండి, బిగించే పని షాపుకు అప్పగించండి, మేనల్లుడిని పక్కన కూర్చోబెట్టండి. జాబితాలో కొత్త తరం ఐ5 లేదా రైజెన్ 5 ప్రాసెసర్, దానికి తగిన పేరున్న మదర్‌బోర్డు, రెండు ఎనిమిది జీబీ పలకలుగా 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే రకం) ఎస్ఎస్‌డీ, 450 వాట్ల 80 ప్లస్ ఎస్ఎంపీఎస్ ఉండాలి. ర్యామ్‌ను ఒకే పలకగా కాక రెండుగా తీసుకుంటే ప్రాసెసర్ ఒకేసారి రెండు దారుల్లో దానిని చదువుతుంది. విడి గ్రాఫిక్ కార్డు లేని సిస్టమ్‌లో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు ఎనిమిది కొని తరువాత ఇంకొక ఎనిమిది వేసుకోవడం ఒకప్పుడు తెలివైన పద్ధతి. కృత్రిమ మేధ డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ సంస్థ అయితే సామాన్య వినియోగదారులకు అమ్మే క్రూషియల్ బ్రాండు నుంచే తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కావలసినంత మొదటే తీసుకోండి. ఈ కారణంగానే ముందు ధరకు నిల్వ తెచ్చుకున్న షాపులో బ్రాండెడ్ సిస్టమ్ ఒక్కోసారి అసెంబుల్డ్ కంటే చవకగా దొరుకుతుంది. అలా దొరికి, లోపలి ప్రాసెసర్, ర్యామ్ పైన చెప్పిన స్థాయిలోనే ఉంటే సందేహించకుండా అదే కొనండి. మానిటర్‌తో కలిపి మీ యాభై వేలలో అన్నీ సర్దకపోతే ప్రాసెసర్‌ను ఐ3-12100 స్థాయికి దించండి. ఆమె చదువుకు అది చాలు. ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం కోత పెట్టకండి.

బిల్లు తప్పనిసరిగా జీఎస్టీ బిల్లే అయి ఉండాలి. ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబరు దానిమీద రాయించుకోండి. కంప్యూటర్ మీద 18 శాతం జీఎస్టీ మిగులుతుందని "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అనే షాపు ఉంటే, ఆ తగ్గింపుతోపాటు మీ వారంటీ కూడా తగ్గిందని గ్రహించండి.

ఇంకొక మాట, మీరు అడగకపోయినా. కంప్యూటర్ పెట్టబోయే గదిలో త్రీ పిన్ సాకెట్‌కు ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు రెండు దాని లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్త్ తీగ లేకపోతే క్యాబినెట్ మీదికి సగం ఓల్టేజీ చేరి, చెయ్యి తగిలినప్పుడల్లా జివ్వుమంటుంది. షాపువారు "అదేం కాదు, మామూలే" అని కొట్టిపారేస్తారు. మామూలు కాదు. అందులో కరెంటు చాలా తక్కువే గనుక మనిషికి ప్రాణాపాయం ఉండకపోవచ్చు, కానీ పెన్ డ్రైవో ప్రింటరో తగిలించే సమయంలో పోర్టులు కాలిపోయే అవకాశం ఉంది.

ప్రశ్న: కాశీబుగ్గలో మాకు జీడిపప్పు వ్యాపారం ఉంది. బిల్లింగ్‌కూ ట్యాలీ లెక్కలకూ మూడు కంప్యూటర్లు కావాలి. మా కుర్రాడు అసెంబుల్ చేయిద్దామంటున్నాడు.

సమాధానం: అయ్యా, మీ విషయంలో ఆలోచించవలసింది పెద్దగా లేదు. బ్రాండెడ్‌లో వ్యాపార వర్గానికి అమ్మే మోడళ్లు తీసుకోండి. వాటిలో చాలావాటికి మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ వస్తుంది, అంటే మనిషి మీ దుకాణానికే వచ్చి బాగుచేస్తాడు. కొనేముందు మీ పిన్‌కోడ్‌కు ఆన్‌సైట్ సేవ ఉందో లేదో ఆ సంస్థ కాల్ సెంటర్‌ను అడిగి ఖాయం చేసుకోండి, ఎందుకంటే ఈ మాట డీలర్ నోట ఒకలా, సంస్థ రికార్డులో మరొకలా ఉండటం కద్దు. మీ జీఎస్టీ నంబరు వేసిన బిల్లు తీసుకుంటే, కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకోవచ్చు. ట్యాలీకి పెద్ద ప్రాసెసర్ అవసరం లేదు. ఐ3, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే సరిపోతుంది. మిగిలిన డబ్బుతో ఒక్కొక్కదానికి 600 వీఏ యూపీఎస్ కొనండి. సీజన్ రోజుల్లో బిల్లు మధ్యలో కరెంటు పోతే ట్యాలీ డేటా చెడిపోవడం మీకు తెలియనిది కాదు. డేటా నకలు వారానికొకసారైనా దుకాణం దాటి బయటకు వెళ్లాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. దుకాణంలోని బీరువాలో దాచిన హార్డ్ డిస్కుకు నీళ్ల నుంచి రక్షణ ఏమీ ఉండదు.

ప్రశ్న: బొబ్బిలిలో డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. కార్పొరేట్ కంపెనీలు వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ చిన్న సిస్టమ్‌లు చాలా తక్కువ ధరకు దొరుకుతున్నాయి. కొనవచ్చా?

సమాధానం: కొనవచ్చు, రెండు షరతుల మీద. మొదటిది ప్రాసెసర్ తరం. ఇంటెల్ నంబరులో గీత తరువాత వచ్చే మొదటి అంకె ఎనిమిది అయినా కావాలి, తొమ్మిది అయినా కావాలి, లేదా ఐదంకెల నంబరైతే మొదటి రెండు అంకెలు కలిపి పది, ఆపై సంఖ్య అయినా కావాలి. ఐ5-8500 అయితే తీసుకోండి, ఐ5-6500 అయితే ఎంత తగ్గించినా వద్దు. ఈ రెండు తరాల మధ్య విండోస్ 11 అడ్డుగోడ ఉంది గనుకనే కార్యాలయాలు పాతవాటిని గుట్టలుగా వదిలించుకుంటున్నాయి, మార్కెట్లో ధరలు అందుకే పడిపోయాయి. రెండోది మీ పని స్వభావం. శుభలేఖలు, కరపత్రాలు, ఆధార్ ప్రింట్లు, దరఖాస్తులు నింపడం వరకే అయితే ఈ యంత్రాలు కొత్త చవక అసెంబుల్డ్ కంటే గట్టిగా పనిచేస్తాయి, ఎందుకంటే వాటి మదర్‌బోర్డులను, ఎస్ఎంపీఎస్‌లను ఏళ్ల తరబడి రోజంతా నడవాలన్న లెక్కతో తయారుచేశారు. ఫ్లెక్సీ డిజైన్లూ పెళ్లి వీడియోల ఎడిటింగూ రేపు పెట్టుకోవాలన్న ఆలోచన ఉంటే వీటి జోలికి పోవద్దు. ఆ సన్నని పెట్టెలో పెద్ద గ్రాఫిక్ కార్డు పట్టదు, ఉన్న 200 వాట్ల స్థాయి ఎస్ఎంపీఎస్ దానిని మోయలేదు, వేరేది వేద్దామంటే కనెక్టర్లు కలవవు.

కొనేచోటే మూత తీయించి చూడండి. లోపల దుమ్ము దులిపి తుడిచి ఉండటం సహజం, దాన్ని చూసి మోసపోవద్దు. బోర్డు మీద నిలువుగా ఉండే చిన్న గుండ్రని కెపాసిటర్ల పైభాగం చదునుగా ఉండాలి, ఉబ్బి ఉంటే వదిలేయండి. బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్లి పాస్‌వర్డ్ ఏదీ లేదని నిర్ధారించుకోండి. పాత కంపెనీ పెట్టిన బయాస్ పాస్‌వర్డ్ మీద ఇరుక్కుంటే దాన్ని వదిలించుకోవడానికి మళ్లీ డబ్బు పెట్టాలి. అందులో హార్డ్ డిస్కు ఉంటే తీసి కొత్త ఎస్ఎస్‌డీ వేయించండి. ఈ మార్పు లేకుండా సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనడంలో అర్థం లేదు.

ప్రశ్న: నేను ఆమదాలవలసలో డిగ్రీ చదువుతున్నాను. రైజెన్ ప్రాసెసర్, ఏఎం5 మదర్‌బోర్డు, మిగిలిన భాగాలన్నీ తెప్పించుకున్నాను. నేనే బిగించాలని ఉంది. నాన్నగారు షార్ట్ సర్క్యూట్ అవుతుందని భయపడుతున్నారు.

సమాధానం: బిగించుకో. మొదటి జవాబులో ఆ అమ్మకు షాపు మేలన్నాను. అన్నీ కొనేసి, నేర్చుకోవాలన్న కోరిక కూడా ఉన్న నీకు ఆ మాట వర్తించదు. నాన్నగారి భయం కూడా అర్థంలేనిది కాదు. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా అందులో ప్రమాదకరమైన ఓల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది. దాని బయట మనం ముట్టుకునే భాగాలన్నీ 12 వోల్టుల లోపువే.

అన్నిటినీ క్యాబినెట్‌లో బిగించి ఆఖరున స్విచ్ వేయకు. మదర్‌బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డును ఉంచి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ పలక, ఎస్ఎంపీఎస్, మానిటర్ ఇంతవరకే కలిపి పరీక్షించు. పవర్ బటన్ కలపవలసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే సిస్టమ్ ఆన్ అవుతుంది. ఇక్కడ బొమ్మ వచ్చి, క్యాబినెట్‌లో పెట్టాక రాకపోతే లోపం భాగాల్లో లేదని, బిగింపులోనే ఉందని తేలిపోతుంది. బోర్డు కింద అవసరం లేని చోట ఒక ఇత్తడి స్టాండ్ ఉండిపోయి బోర్డును తాకుతుండటం తరచుగా జరిగే తప్పు, నాన్నగారు చెప్పే షార్ట్ సర్క్యూట్ నిజంగా జరిగేది అక్కడే.

ఏఎం5 అంటే కొత్త తరం రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్ రకం. ఇందులో ప్రాసెసర్‌కు పిన్నులు ఉండవు. 1718 సన్నని స్పర్శ తీగలు మదర్‌బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి. వాటిమీద వేలు పడినా గుడ్డ పోగు తగిలినా వంగిపోతాయి, వారంటీ కూడా పోతుంది. ప్రాసెసర్‌పై ఉన్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మూలన ఉన్న త్రికోణానికి సరిచూసి, నొక్కకుండా కేవలం వదిలిపెట్టు, తరువాత మీట వెయ్యి. సాకెట్ మీదున్న ప్లాస్టిక్ మూతను పారేయకు. బోర్డును వారంటీకి పంపవలసి వస్తే ఆ మూత అడుగుతారు. ర్యామ్ రెండు పలకలైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కించి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టు. బోర్డు పైభాగాన ఎడమ మూల దగ్గర ప్రాసెసర్‌కు విద్యుత్తునిచ్చే ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు మరచిపోయేది ఇదే, అది లేకపోతే ఫ్యాను తిరిగినా బొమ్మ రాదు.

స్టాటిక్ కరెంటు గురించి వీడియోలలో చూసి బెంబేలెత్తకు. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం చలిదేశాల కంటే తక్కువ. పని మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలో ఎస్ఎంపీఎస్ లోహాన్ని తాకుతూ ఉంటే చాలు. అదే తేమ ఏడాది తరువాత ఇంకొక రూపంలో వస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో సిస్టమ్ ఆన్ అయి బొమ్మ రాకపోతే ర్యామ్ బంగారు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెట్టు. షాపువాళ్లు మొదట చేసేదీ అదే.

అన్నీ సరిగ్గా కలిపాక, మొదటిసారి స్విచ్ వేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోవచ్చు. ఏఎం5 బోర్డులు డీడీఆర్5 రకం (కొత్త తరం) ర్యామ్‌ను మొదటిసారి సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఈ సమయంలో చాలామంది కంగారుపడి పవర్ తీసేస్తారు, దాంతో ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. కనీసం పది నిమిషాలు ఏ బటనూ నొక్కకుండా ఆగు. అప్పటికీ బొమ్మ రాకపోతే ఆ ఎనిమిది పిన్నుల కనెక్టర్‌ను, ర్యామ్‌ను చూడు. తరువాత మానిటర్ తీగ మదర్‌బోర్డుకు తగిలించావా, గ్రాఫిక్ కార్డుకు తగిలించావా చూడు. కార్డు ఉన్న సిస్టమ్‌లో తీగ కార్డుకే ఉండాలి.